పరీక్ష రోజున బరువెక్కే క్లచ్

మూడు నెలల్లో ఆరుగురు ఫెయిలయ్యారు. ఆరుగురూ టెస్టు మైదానం చివర ఉన్న చిన్న మిట్ట దగ్గరే, ఒకే తీరుగా. ఇన్‌స్పెక్టరు బండిని ఎత్తు మధ్యలో ఆపమంటాడు, ఆపుతారు. కదలమంటాడు, క్లచ్ వదులుతారు. ఇంజిన్ దగ్గొచ్చిన మనిషిలా ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. మళ్లీ తాళం తిప్పుతారు, మళ్లీ ఆగిపోతుంది. మూడోసారికి ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఒక గీత గీస్తాడు.

ఆ ఆరుగురికీ డ్రైవింగ్ నేర్పింది టీచరే. పదకొండేళ్లుగా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లకి లైసెన్సు చేతిలో పడ్డట్టేనని పేరు. నేర్పే బండి కాబట్టి పక్కసీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ బిగించి ఉంటాయి. అందుకని నేర్చుకునేవాళ్లు చాటుగా ఆవిడని ‘రెండో బ్రేకు’ అనేవారు. ఆ పేరు తన చెవిన పడ్డ సంగతి ఆవిడ ఎప్పుడూ బయటపెట్టలేదు. నిజానికి ఆ పేరంటే ఆవిడకి లోలోపల కాస్త ఇష్టం. తను పక్కన లేకపోతే వీళ్లంతా గోడలకి గుద్దుకునేవాళ్లే అన్న ఊహ ఎవరికి మాత్రం చేదు?

ఆవిడ ఒంటరి మనిషి. మేడ మీద ఒకే గది, ఒక బల్ల, వీధి వైపు ఒక కిటికీ. సాయంత్రాలు ఆ బల్ల ముందు కూర్చుని, ఆ రోజు బండెక్కినవాళ్ల భయాల గురించి నోటుపుస్తకంలో రాసుకునేది. బట్టల కొట్టాయన మలుపు దగ్గర ఊపిరి బిగబడతాడు. కాలేజీ అమ్మాయి తప్పు చేశాక నవ్వుతుంది, చెయ్యబోయే ముందు గొంతు సవరించుకుంటుంది. బండి నేర్పడమంటే భయాన్ని చదవడమేనని ఆవిడ సిద్ధాంతం. ఇంజిన్ దానంతట అది ఆగదు, ముందు మనసు ఆగుతుంది, ఇంజిన్ ఆ కబురు బయటికి చెబుతుంది, అంతే అనేది. ఫెయిలైన ఆరుగురూ తలో మాటలో ఒకే సంగతి చెప్పారు. రోజూ వెన్నలా దిగే క్లచ్ పెడల్ టెస్టు రోజున రాయిలా బరువెక్కిందని. ఆరుగురికీ ఆవిడ ఒకే జవాబు చెప్పింది. పెడల్ బరువెక్కలేదు, మీ భయం కాల్లోకి దిగింది అని. ఆ వాక్యం తనకే ఎంత ముచ్చటేసిందంటే నోటుపుస్తకంలో దాని కింద గీత గీసుకుంది.

ఆ ఆరుగురిలో రెండుసార్లు ఫెయిలైంది వదిన ఒక్కతే.

వదిన అంటే టీచరు అన్నగారి భార్య. యాభై రెండేళ్లు. ఇరవై రెండేళ్లుగా గ్రంథాలయంలో ఒకే కౌంటరు వెనక, ఒకే కుర్చీలో కూర్చుని, వచ్చే పుస్తకానికి ముద్ర, పోయే పుస్తకానికి ముద్ర వేసిన మనిషి. ఈమధ్య గ్రంథాలయంవాళ్లు ఒక వ్యాను కొన్నారు. దాన్నిండా పుస్తకాల అరలు. అది రోజుకో వీధికి వెళ్లి చెట్టు కిందో, బడి గేటు ముందో ఆగాలి. వచ్చే నెల ఒకటో తారీఖుకి లైసెన్సు ఉంటే వ్యాను వదినకి, లేకపోతే పుస్తకమంటే దుమ్ము తప్ప ఇంకేమీ గుర్తుకు రాని స్టోరు గుమాస్తాకి. ఆయనకి లైసెన్సు ఎప్పట్నుంచో ఉంది. వదిన మూడో టెస్టు ఈ శుక్రవారం. ఇందులో పోతే ఆరు నెలల దాకా మళ్లీ రానివ్వరు. వదిన ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు ఆ వ్యాను షెడ్డుకి వెళ్లి, లోపల అరలు ఎలా సర్దాలో కొలుచుకుని వచ్చింది. అన్నయ్య ఎలాగో పసిగట్టి టీచరుకి ఈ సంగతి చెప్పి, పాపం ఫెయిలైతే ఎలా తట్టుకుంటుందో అన్నాడు. ఆయనకి సైకిలు కూడా రాదు.

భయం కాల్లోకి దిగిందన్న జవాబు వదిన మొదటిసారి ఒప్పుకుంది. రెండోసారి ఒప్పుకోలేదు.

"చూడమ్మా మరదలా," అంది, "ఒకే పుస్తకం ఆరుగురి చేతుల్లో ఒకే పేజీ దగ్గర ఊడిందనుకో. కుట్టు సరిగా లేదంటాం గానీ చదివినవాళ్లకి భయమేసిందని అనం."

 సోమవారం పొద్దున్నే టీచరు బండినీ, వదిననీ తీసుకుని డాక్టరు షెడ్డుకి వెళ్లింది.

డాక్టరు అంటే మెకానిక్కే. ఇనుప కడ్డీ ఒక కొస ఇంజిన్‌కి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వింటాడు కాబట్టి ఆ పేరొచ్చింది. అరవై దాటిన మనిషి. షెడ్డు గోడ మీద ప్రతి రెంచికీ దాని ఆకారంలో తెల్లరంగు గీత గీసి ఉంటుంది, ఏది లేకపోయినా అక్కడ దాని దయ్యం కనిపిస్తుంది. టీచరు చెప్పిందంతా విని, అంటే మీ బండికి కూడా పరీక్షలంటే పడదన్నమాట అన్నాడు. తర్వాత తనే ఎక్కి వీధి చివరిదాకా వెళ్లి వచ్చాడు. ఒక్కసారీ ఆగలేదు. ఎదురుగా ఉన్న ఏటవాలు సందులో ఆపి ఆపి ఎక్కించాడు. ఆగలేదు.

"పేషెంటు నా ముందు దగ్గడం లేదండీ," అన్నాడు దిగుతూ.

అయినా వదిలిపెట్టే రకం కాదు. ఊరికే ఆగిపోయే ఇంజిన్‌కి గాలి అందకపోవడం ఒక కారణం కావచ్చని గాలి పోయే గొట్టం విప్పి, లోపలి మసి గుడ్డతో తుడిచాడు. పెట్రోలు సరిగా వస్తోందో లేదో చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి పలకలాంటి చిన్న స్కానరు తెచ్చి, స్టీరింగు కింద దాని తీగ తగిలించి, పలకని ఒళ్లో పెట్టుకుని వెనకసీట్లో కూర్చున్నాడు. వదినని నడపమన్నాడు, టీచరుని ఎప్పటిలాగే పక్కసీట్లో కూర్చోమన్నాడు.

పలక మీద ఒక ఆకుపచ్చ గీత పాకుతూ ఉంది. క్లచ్ పెడల్ దగ్గర ఉండే చిన్న సెన్సర్ పంపే గీత అది. కాలు పెడల్ మీద లేకపోతే గీత పైన ఉంటుంది, తొక్కితే కిందికి దిగుతుంది. రెండు వీధులు తిరిగేసరికి డాక్టరు కళ్లద్దాలు సర్దుకున్నాడు. మలుపు దగ్గరికి వచ్చినప్పుడల్లా, ఎవరైనా అడ్డం నడిచినప్పుడల్లా, గీత కొంచెం వంగుతోంది. పూర్తిగా కాదు, తలుపు వెనకనుంచి ఎవరో తొంగిచూసి వెళ్లినట్టు. ఎడమకాలు ఎక్కడుందని వదినని అడిగాడు. నేల మీదే ఉందంది వదిన. ముందుకు వంగి చూశాడు. నిజంగానే నేల మీద, పెడల్‌కి జానెడు దూరంలో చెప్పు కదలకుండా ఉంది. గీత మాత్రం వంగింది.

ఆయన నోరు విప్పేలోపలే టీచరు అర్థం చేసేసుకుంది. సెన్సర్ అబద్ధమాడుతోంది. డాక్టరు కూడా, అవ్వొచ్చు అన్నాడు. క్లచ్ వదులుతున్నారని తెలిస్తే ఈ ఇంజిన్ ఆగిపోకుండా తనంతట తానే కొంచెం ఊపు పెంచుకుంటుంది, సెన్సర్ తప్పు కబురు పంపిస్తే ఆ ఊపు అందదు, మిట్ట మీద ప్రాణం పోతుంది అని విడమరిచి చెప్పాడు. అయితే మాట చివర ‘అనుకుందాం’ అని చేర్చాడు. టీచరు చెవికి ఆ చివరి మాట ఎక్కలేదు.

ఆ సాయంత్రం ఆవిడకి ఏనుగెక్కినంత సంబరం. మూడు నెలలుగా మెడ మీద కూర్చున్నదేదో దిగిపోయింది. బల్ల ముందు కూర్చుని ఇన్‌స్పెక్టరుకి ఉత్తరం రాసింది. ఫలానా తేదీల్లో తన దగ్గర నేర్చుకున్న ఆరుగురు ఫెయిలవడానికి కారణం వాళ్లూ కాదు, వాళ్లకి నేర్పిన పద్ధతీ కాదు, క్లచ్ సెన్సర్ లోపమని మెకానిక్ పరీక్షలో తేలిందని. ‘నేర్పిన పద్ధతీ కాదు’ అన్న మాట మొదట లేదు. చివర్లో జాగా చూసి ఇరికించింది. మర్నాడు తనే వెళ్లి ఆఫీసులో ఇచ్చి వచ్చింది.

బుధవారం కొత్త సెన్సర్ వచ్చింది. డాక్టరు డ్రైవరు సీటు మీద కాళ్లు, పెడల్స్ కింద తల పెట్టి, తలకిందులుగా వేలాడుతూ దాన్ని బిగించాడు. లోపలినుంచి ఆయన చెప్పే మాటలు ఆయన మోకాళ్లలోంచి వస్తున్నట్టు వినిపించాయి. వదిన ఆ మోకాళ్లతోనే మర్యాదగా మాట్లాడింది. బిగించాక మళ్లీ ముగ్గురూ అదే వరసలో కూర్చుని బయల్దేరారు.

మొదటి మలుపు దగ్గర గీత వంగింది.

రెండో మలుపు దగ్గర కూడా. షెడ్డుకి తిరిగొచ్చారు. డాక్టరు బండి కింది గోతిలోకి దిగి, గేరుబాక్సు మీద ఉండే న్యూట్రల్ సెన్సర్ చూశాడు, అది బండి గేరులో ఉందో లేదో చెప్పేది. తీగ ముడి విప్పి, తుడిచి, మళ్లీ పెట్టాడు. దాని వల్లా మార్పు లేదు. గోతి గట్టు మీద కూర్చుని, చేతులు తుడుచుకున్నాడు. తర్వాత టీచరుని, మీరు ఆ స్టూలు మీద కూర్చుని టీ తాగండి, వదినగారూ నేనూ వెళ్లొస్తాం అన్నాడు. ఈసారి ఆయనే పక్కసీట్లో కూర్చున్నాడు.

టీచరు స్టూలు మీద కూర్చుని చూసింది. బండి షెడ్డు గుమ్మం దాటుతూనే ఆగిపోయింది. మళ్లీ కదిలింది. సందు మొదట్లో ఆగిపోయింది. ఏటవాలు మధ్యలో రెండుసార్లు ఆగింది. వెనక కూరగాయల ఆటోవాడు హారన్ కొట్టాడు. సందులోంచి వదిన గొంతు వినిపించింది, ఇదిగో ఇప్పుడు బరువెక్కింది చూడండి, ఇదే, టెస్టు రోజున కూడా ఇలాగే అని. ఆ గొంతులో బాధ లేదు. తప్పిపోయిన పిల్లిని పట్టుకున్న మనిషి గొంతులా ఉంది.

తిరిగొచ్చాక డాక్టరు దిగి, టీచరుని ఎప్పటి చోట కూర్చోమన్నాడు. పలక ఆవిడ చేతికిచ్చాడు. నా కళ్లద్దాలు మసకగా ఉన్నాయి, గీత మీరు చూస్తూ ఉండండి, వంగినప్పుడు చెప్పండి చాలు అన్నాడు. ఆయన కళ్లద్దాలు అద్దంలా మెరుస్తున్నాయి. టీచరు అది గమనించింది గానీ దాని గురించి ఆలోచించలేదు.

వదిన బండి కదిపింది. వెన్నలా కదిలింది, ఎక్కడా ఆగలేదు. టీచరు కళ్లు పలక మీదే ఉన్నాయి. ఆకుపచ్చ గీత పైన తిన్నగా సాగుతోంది. మలుపు వచ్చింది. ఒకావిడ బిడ్డ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటబోయి ఆగింది. గీత వంగింది. టీచరు వదిన ఎడమకాలి వైపు చూసింది. నేల మీద ఉంది. అక్కణ్నుంచి ఆవిడ చూపు, వెళ్లమని ఎవరూ చెప్పకుండానే, తన సీటు కిందికి వెళ్లింది.

అక్కడ ఒక ఎడమకాలు పెడల్ మీద ఉంది. మడమ నేలకి ఆనించి, బొటనవేలు మాత్రం మెల్లగా నొక్కుతోంది, నిద్రపోయే బిడ్డ ఊయలని తల్లి ఊపినంత మెల్లగా. చెప్పు ఆవిడదే. మేజోడు ఆవిడదే. అయినా ఒక్క క్షణం ఆ కాలు ఎవరిదో ఆవిడకి అర్థం కాలేదు. తియ్యమని లోపల అనుకుంది. కాలు ఇంకాసేపు అలాగే ఉండి, మలుపు దాటాక, తన పని అయ్యాక, తీరిగ్గా వెనక్కి వచ్చింది. గీత పైకి లేచింది.

తన పెడల్‌ని తొక్కితే తీగ లాగి వదిన పెడల్ కూడా దిగుతుంది. తను సగం తొక్కితే వదినకి మిగిలేది సగం బరువే. వదిన ఒక్కసారిగా వదిలేసినా తన బొటనవేలు దాన్ని ఆపి మెల్లగా వదులుతుంది. ఇదంతా పదకొండేళ్లుగా ఆవిడకి తెలిసిన సంగతే, తనే అందరికీ చెప్పే సంగతి. తెలియనిదల్లా తను చేస్తున్నదే. టెస్టు రోజున ఆ సీట్లో ఇన్‌స్పెక్టరు కూర్చుంటాడు. పెడల్ నిజంగానే బరువెక్కుతుంది.

ఎప్పట్నుంచి? మూడు నెలల వెనక్కి వెళితే ఒక వాన పొద్దు గుర్తొచ్చింది. బట్టల కొట్టాయన క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తే, బండి గెంతి ఒక ఇంటి ప్రహరీకి బెత్తెడు దూరంలో ఆగింది. ఆ గోడ పక్కన ఒక ముసలాయన గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. టీచరు నవ్వేసింది, గోడ బాగానే కట్టారండీ అని ముసలాయనతో హాస్యమాడింది, ఇంటికెళ్లి కడుపునిండా తింది, హాయిగా నిద్రపోయింది. నోటుపుస్తకంలో బట్టల కొట్టాయన భయం గురించి పేజీన్నర రాసింది. తన గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు, రాయడానికి ఏమీ లేదనుకుంది. మనసు ఆ రోజే ఆ సంగతి మరిచిపోయింది. కాలికి మాత్రం మరిచిపొమ్మని ఎవరూ చెప్పలేదు.

షెడ్డు దగ్గర వదిన మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లింది. టీచరు పలకని డాక్టరు చేతిలో పెట్టింది. ఆయన దాన్ని గుడ్డతో తుడిచాడు. మురికేమీ లేకపోయినా తుడిచాడు.

"పాత సెన్సర్ కూడా మంచిదేనండీ. దాన్నే మళ్లీ బిగించేస్తాను," అన్నాడు. గుడ్డ మడతపెడుతూ, "వదినగారు అడిగితే ఏం బాగుచేశానని చెప్పమంటారు?" అన్నాడు.

అది అడగడంలో ఆయన మంచితనం ఎంతో టీచరుకి తెలిసింది. తీగ వదులైందని చెప్పమంటే చెబుతాడు. ఇక తను రేపట్నుంచి గుట్టుగా కాలు తీసేస్తే సరిపోతుంది. పేరుకి మచ్చ రాదు, ఉత్తరం అబద్ధం కాదు. ఆ దారి ఆవిడ కళ్లముందు కడిగిన నేలలా శుభ్రంగా కనిపించింది. అయితే ఆ దారిలో రెండడుగులు వేసి చూసేసరికి వదిన ఎదురైంది. బాగుచేసిన బండిలో, రేపు పొద్దున, అడుగడుక్కీ ఇంజిన్ ఆగిపోతున్న వదిన. అప్పుడిక తప్పంతా వదిన నెత్తి మీదే పడుతుంది. ఎల్లుండి టెస్టుకి తప్పు తనదేనన్న నమ్మకంతో వెళ్తుంది.

"నేనే చెబుతానండీ," అంది టీచరు.

వదిన నీళ్లు తాగి, చెంగుతో మూతి తుడుచుకుంటూ వచ్చింది. టీచరు నిలబడే చెప్పేసింది, తప్పు చేసిన పిల్ల హెడ్మాస్టరు ముందు చెప్పినట్టు ఎక్కడా ఆగకుండా. వదిన మొదట అర్థంకాక ఆవిడ కాలి వైపు చూసింది. తర్వాత డాక్టరు వైపు చూసింది. ఆయన గోడ మీది రెంచీలు లెక్కపెట్టుకుంటున్నాడు. అప్పుడు మొదలైంది వదినకి నవ్వు. స్టూలు మీద కూలబడి, కళ్లనీళ్లు కారేదాకా నవ్వింది. వేల రూపాయల సెన్సర్ విప్పి పారేశారు, మా మరదలి బొటనవేలు విప్పి చూస్తే సరిపోయేది అంది. ఎక్కిళ్లొచ్చాయి. మళ్లీ మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

నవ్వు తగ్గాక ఆవిడ ముఖం మారింది.

"మొన్న అన్నావు కదా, వదినా నీ కాలు ఎంత మెత్తగా పడుతోందో, పుట్టు డ్రైవరువి అని. మీ అన్నయ్యకి కూడా చెప్పాను ఆ మాట." ఆవిడ గొంతు తగ్గించింది. "అది నా కాలినా మెచ్చుకున్నది, నీ కాలినా?"

 ఇంత సూటి ప్రశ్న టీచరు నోటుపుస్తకంలో ఎక్కడా లేదు. నాకు తెలియదు వదినా అంది చివరికి. నీ కాలు ఎలా ఉంటుందో నేనింకా చూడనేలేదు.

 వదిన, ముద్ర వెయ్యాల్సిన పుస్తకాన్ని తిరగేసి చూసినట్టు ఆ జవాబుని తిరగేసి చూసింది.

"సరే. అయితే ఇప్పుడు చూద్దువుగాని, ఎక్కు," అంది.

ఆ సాయంత్రమూ, గురువారం పొద్దున్నుంచి పొద్దువాలేదాకా, షెడ్డు ఎదుటి ఏటవాలు సందులోనే గడిచింది. టీచరు కుడికాలిని బ్రేకు దగ్గర ఉంచి, ఎడమకాలిని మడిచి సీటు మీద తొడ కింద పెట్టుకుని కూర్చుంది. మలుపు వచ్చినప్పుడల్లా ఆ కాలు తొడ కింద కుందేలుపిల్లలా కదిలేది. ఆవిడ దాని మీద ఇంకాస్త బరువు మోపేది. మొదటి గంటలో ఇంజిన్ పందొమ్మిదిసార్లు ఆగింది. వదిన లెక్కపెట్టింది. కూరగాయల బండివాడు దిగివచ్చి, అమ్మా ఇంకెంతసేపని అడిగి, సంగతి తెలిశాక తన బండిని పక్కన పెట్టి గట్టు మీద కూర్చుని చూడటం మొదలుపెట్టాడు.

టీచరుకి ఆశ్చర్యమేసిన సంగతి ఒకటుంది. వదిన కాలు మెత్తనిది కానే కాదు. గట్టిది, మొండిది, ముద్ర వేసే చెయ్యిలా ఒక్క దెబ్బతో పని ముగించాలనే రకం. ఇన్నాళ్లూ పక్కన కూర్చుని తను చదివాననుకున్నది తన కాలి రాతే. వదినని ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది. మెత్తగా, మెల్లగా అని చెప్పడం మానేసింది. ముద్ర వేసే ముందు ముద్ర పుస్తకం మీద ఆనించి ఒక్క క్షణం ఆగుతావు కదా, చోటు సరిగా ఉందో లేదో చూసుకోడానికి, క్లచ్ పట్టుకునే చోట కూడా అలాగే ఆగు అంది. వదిన పెదాలు బిగించి తల ఊపింది. క్లచ్ వదిలింది, ఇంజిన్ గొంతు మారి బండి ముక్కు కొంచెం లేచిన చోట ఆగింది, తర్వాత ముద్ర వేసింది. బండి మిట్టెక్కింది. గట్టు మీద కూరగాయలబ్బాయి చప్పట్లు కొట్టాడు.

పొద్దువాలేసరికి గంటకి రెండుసార్లు ఆగేదాకా వచ్చింది. సున్నా కాలేదు.

శుక్రవారం టెస్టు మైదానంలో ఇన్‌స్పెక్టరు చేతిలో టీచరు ఉత్తరం ఉంది. పొడుగ్గా, ఎండిన మనిషి. నవ్వితే ఖర్చవుతుందన్నట్టు ఉంటాడు. సెన్సర్ లోపం అని రాశారు, బాగుచేయించారా అని అడిగాడు. లోపం సెన్సర్‌లో లేదంది టీచరు. మరి అన్నాడు. పక్కన క్యూలో నలుగురు నిలబడి ఉన్నారు, వాళ్లలో ఇద్దరికి ఆవిడ పేరు తెలుసు. అక్కడే చెప్పింది. నేర్పిన పద్ధతిలోనే లోపం ఉందని, ఆరుగురికీ మళ్లీ మొదట్నుంచి నేర్పుతానని చెప్పింది. చెబుతున్నంతసేపూ చెవులు వేడెక్కాయి.

ఇన్‌స్పెక్టరు ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతికిచ్చాడు. "నేను ఆ సీట్లో కాళ్లు వెనక్కి ముడుచుకుని, ఒకదానిలో ఒకటి మెలేసి కూర్చుంటానమ్మా, ఎప్పుడైనా చూశారా?" అన్నాడు. "ఉద్యోగం కొత్తలో ఒక కుర్రాణ్ని నేనే పాస్ చేయించాను. నా కాలితో."

అంటూనే వదినని పిలిచాడు.

మిట్ట గోడకి అవతల ఉంటుంది, గేటు దగ్గర్నుంచి కనిపించదు. టీచరు అరుగు మీద కూర్చుని విన్నది. మొదటి గేరు, రెండో గేరు, మలుపు. వెనక్కి నడిపే చోట ఇంజిన్ మూలుగు. అన్నీ దాటాయి. తర్వాత బండి ఎత్తెక్కుతున్న చప్పుడు, ఆగిన చప్పుడు, హ్యాండ్‌బ్రేకు లాగిన కరకర. ఒక నిశ్శబ్దం. ఇంజిన్ గొంతు పెరిగింది, వణికింది, ఆగిపోయింది.

పదకొండేళ్లలో ఎన్నో టెస్టులకి ఆవిడ ఈ అరుగు మీద కూర్చుంది. తను చెయ్యగలిగింది ఏమీ లేదన్న సంగతి ఇంత స్పష్టంగా ఎప్పుడూ తెలియలేదు. గోడ అవతల వదిన ఉంది, వదిన కాలుంది, మిట్ట మీద వదినకున్న మూడు అవకాశాల్లో ఒకటి అయిపోయింది. ఇవతల తను ఉంది. మధ్యలో తీగ లేదు. భయం వేసింది. ఈసారి అది తన భయమేనని గుర్తుపట్టి, రావమ్మా కూర్చో అన్నట్టు పక్కన చోటిచ్చింది. ఆశ్చర్యంగా అది కుదురుగానే కూర్చుంది.

తాళం తిరిగింది. ఇంజిన్ గొంతు మారింది, మారిన చోటే ఒక్క క్షణం నిలబడింది. ఆ క్షణం టీచరుకి చాలా పొడుగ్గా అనిపించింది. తర్వాత చప్పుడు నున్నగా పైకి సాగి, మిట్ట అవతలికి దిగి, చిన్నదైపోయింది.

వదిన కాగితం పట్టుకుని వచ్చింది. కాగితం టీచరు ముఖం ముందు పెట్టింది, చదవడానికి వీల్లేనంత దగ్గరగా. ఒకసారి ఆగిందని రాశాడు చూడు, అయినా ముద్ర వేశాడు, ముద్ర కాస్త వంకరగా పడింది, నేనైతే అలా వెయ్యను అంది. 

బండి దగ్గరికి వచ్చాక టీచరు అలవాటుగా పక్కసీటు తలుపు తెరిచింది. వదిన ఆ తలుపు మూసేసింది.

"నువ్వు వెనక కూర్చో."

పదకొండేళ్లలో టీచరు తన బండి వెనకసీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదు. అక్కడ స్ప్రింగు ఒకటి లేచి ఉందని అప్పుడే తెలిసింది. కిటికీలోంచి దుకాణాలు ఎదురుగా రావడం లేదు, పక్కనుంచి జారిపోతున్నాయి. ఎవరు అడ్డం వస్తున్నారో కనిపించదు. కనిపించినా చెయ్యడానికి ఏమీ లేదు. వదిన గ్రంథాలయం షెడ్డు మీదుగా పోదాం, అరలు చూపిస్తానంది. కింది వరసలో పిల్లల పుస్తకాలు పెడతానని, వంగక్కర్లేకుండా పెద్దవాళ్లవి మధ్యలో పెడతానని, స్టోరు గుమాస్తాకి ఈ కాగితం మొదట చూపిస్తానని చెబుతూ పోయింది. మధ్యలో ఒకచోట ఇంజిన్ ఆగిపోయింది. వెనక హారన్లు మోగాయి. వదిన ఓరి మీ తొందర పాడుగాను అని తాళం తిప్పి, మళ్లీ కదిపి, పెద్దవాళ్ల పుస్తకాల దగ్గర ఆపిన మాట అక్కణ్నుంచే అందుకుంది.

జవాబు రాకపోయేసరికి అద్దంలో చూసింది. టీచరు కిటికీకి తల ఆనించి, నోరు కాస్త తెరుచుకుని, నిద్రపోతోంది.